గన్నవరమునుండి డల్లాసుకు: దూరమెంత, కాలమెంత?

పాఠశాలలోని గ్లోబును తీసికొని, గుంటూరున్న చోట ఒక దారపు కొనను అదిమిపట్టి, రెండవ కొనను అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున డల్లాసు నగరముపై నిలిపి, దారమును బిగువుగా లాగి చూచిన విద్యార్థికి ఒక వింత గోచరించును. ఆ దారము పడమరగా అరేబియా సముద్రము మీదుగా పోదు. తూర్పుగా పసిఫిక్ మహాసముద్రము మీదుగాను పోదు. నిట్టనిలువున ఉత్తరమునకు సాగి, మధ్యభారతమును, హిమాలయములను, టిబెట్టును, సైబీరియాను దాటి, ఉత్తరధ్రువమునకు రెండు మూడు వందల కిలోమీటర్ల చేరువగా పోయి, ఆవలివైపున కెనడా మంచుదీవులపై దిగి, అచటినుండి తిన్నగా దక్షిణమునకు వచ్చి డల్లాసు చేరును. తరగతి గోడకు వ్రేలాడు పటమున ఈ మార్గము కానరాదు. గుండ్రని భూమిని చదునైన కాగితముపై పరచునప్పుడు, నిజమునకు ఒక బిందువైన ధ్రువము పటము పై అంచంత పొడవున సాగిపోవుటయే అందులకు కారణము.

ఈ వింత వెనుకనున్న లెక్క సులభమైనది. భారతదేశపు ప్రామాణిక కాలమును నిర్ణయించు రేఖాంశము తూర్పు 82½ డిగ్రీలు. అది కాకినాడ సమీపమున పోవుచున్నది. భూగోళమునకు ఆవలివైపున దానికి జతయైన రేఖ పడమర 97½ డిగ్రీలు. అది డల్లాసు పొరుగుననున్న ఫోర్ట్‌వర్త్ పరిసరములనుండి పోవును. గన్నవరము విమానాశ్రయము తూర్పు 81 డిగ్రీలకు ఇంచుక లోపలను, డల్లాసు విమానాశ్రయము పడమర 97 డిగ్రీలపైనను ఉన్నవి. రెండును కలిపిన 178. మొత్తము 180 అయినచో రెండు స్థలములును ధ్రువములగుండా పోవు ఒకే వృత్తముపై నున్నట్లు. కావున ఈ రెంటి నడుమ సూటిమార్గము దాదాపు ధ్రువము మీదుగా పోవక తప్పదు. గన్నవరపు అక్షాంశము ఉత్తరము 16½ డిగ్రీలు. అచటినుండి ధ్రువమునకు 73½ డిగ్రీలు. డల్లాసు అక్షాంశము 33 డిగ్రీలు. ధ్రువమునుండి అచటికి 57. మొత్తము 130½ డిగ్రీలు. డిగ్రీ ఒక్కింటికి 111 కిలోమీటర్ల చొప్పున గుణించిన, ఇంచుమించు 14,500 కిలోమీటర్లు వచ్చును. ఇంతకంటె దగ్గర దారి ఈ రెంటి నడుమ ప్రకృతిలో లేదు.

వేలకొలది నగరములుండగా డల్లాసునే ఏల ఎన్నుకొనవలెను? అందులకు రెండు కారణములు గలవు. మొదటిది నేల. డల్లాసు నగరమున్న మైదానమునకు బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అని పేరు. అది ఎండకు నెర్రెలు విచ్చి, వానకు బంకయై కాళ్లకంటుకొను నల్లరేగడి. ఒకప్పుడు ప్రత్తిపంటకు ప్రసిద్ధి కెక్కిన నేల. నేటికిని అమెరికాలో ప్రత్తి అత్యధికముగా పండించు రాష్ట్రము టెక్సాసే. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల రైతు ఆ మట్టిని చేతికి తీసికొనిన, తన చేని మట్టియే అనుకొనును. రెండవ కారణము మనుష్యులు. ఈ జిల్లాలలో ప్రత్తి, మిరప పండించిన కుటుంబముల పిల్లలు ఎందరో నేడు డల్లాసులోను, దాని చుట్టుపట్ల పట్టణములలోను ఉన్నారు. 2023–24 విద్యాసంవత్సరమున అమెరికాలో చదువుచున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఆ ఏడు మన దేశము చైనాను మించి మొదటి స్థానము నందినది. ఆ సంఖ్యలో తెలుగువారి పాలు చిన్నది కాదు. కావున గన్నవరమునకు, డల్లాసుకు నడుమ దూరమనునది ఈ మైదానమున భూగోళశాస్త్రపు ప్రశ్న మాత్రమే కాదు. అనేక గృహముల ప్రశ్న.

ఇక కాలము. నేటి పెద్ద జెట్ విమానము గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగమున పోవును. ఆ లెక్కన 14,500 కిలోమీటర్లకు పదునారు గంటలు పట్టును. ఇంత దూరము ఆగకుండ పోగల యంత్రము లేదా యన్నచో, ఉన్నది. 2005 నవంబరులో బోయింగ్ 777 తరగతికి చెందిన ఒక విమానము హాంకాంగునుండి తూర్పుదిశగా బయలుదేరి, ఎచటను దిగక, 22 గంటల 42 నిమిషములలో 21,600 కిలోమీటర్లు పోయి లండను చేరినది. అది పరీక్షాయానము. 2018 అక్టోబరులో సింగపూరునుండి న్యూయార్కు ప్రాంతమునకు, 15,000 కిలోమీటర్లకు మించిన దూరము, టిక్కెట్టు కొన్న ప్రయాణికులతో నేరు విమానము మరల నడువ మొదలిడినది. 2021 జనవరిలో ఎయిరిండియా విమానమొకటి కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వమున, నలుగురు స్త్రీ పైలట్లు నడుపగా, శాన్‌ఫ్రాన్సిస్కోనుండి ధ్రువప్రాంతము మీదుగా బెంగుళూరు చేరినది. కావున యంత్రము చేతగానిది కాదు. మార్గము తెలియనిది కాదు.

అయినను గుంటూరు యువకుడు డల్లాసు చేరుటకు వాస్తవముగా పట్టు కాలమెంత? దుబాయి మీదుగా పోవు ప్రయాణమును ఉదాహరణగా తీసికొనవచ్చును. గుంటూరునుండి శంషాబాదునకు రోడ్డుపై అయిదారు గంటలు. విమానము బయలుదేరుటకు మూడు గంటలు ముందుగా అచట ఉండవలెను. దుబాయికి నాలుగు గంటల ప్రయాణము. అచట మరియొక విమానమునకై మూడు నాలుగు గంటల నిరీక్షణ. తరువాత పదునారు గంటల యానము. దిగిన పిదప అధికారుల తనిఖీకి, సామాను తీసికొనుటకు గంటన్నర, రెండు గంటలు. అన్నియు కలిపిన ముప్పది నాలుగు గంటల వరకు అగును. ఇప్పుడు ఇదే మార్గపు దూరమును లెక్కింపుడు. హైదరాబాదునుండి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. అచటినుండి డల్లాసు సుమారు 12,900. గుంటూరునుండి శంషాబాదుకు రోడ్డు సుమారు 280. మొత్తము 15,700 పైచిలుకు. సూటిమార్గముకంటె ఇది 1,200 కిలోమీటర్లే, అనగా నూటికి ఎనిమిది వంతులే, అధికము. కాని కాలము రెండింతలకు మించినది. దూరమునకును కాలమునకును నడుమ ఏర్పడిన ఈ అంతరమే విచారింపదగిన విషయము. దూరమును ప్రకృతి నిర్ణయించినది. ఆ మిగులు గంటలను నిర్ణయించినదెవరు?

ఈ ప్రశ్నలోనికి పోవుటకు ముందు, టిక్కెట్టు కలిగించు ఒక భ్రమను తొలగింపవలసి యున్నది. ఉదయము 4 గంటలకు హైదరాబాదులో విమానమెక్కిన వాడు అదే దినము సాయంకాలము 4 గంటలకు డల్లాసులో దిగినట్లు టిక్కెట్టు చూపవచ్చును. పన్నెండు గంటలలో చేరినాడని పెద్దలు సంతోషింతురు. కాని డల్లాసు గడియారము మన గడియారముకంటె శీతకాలమున 11½ గంటలు, వేసవిలో 10½ గంటలు వెనుకబడి యుండును. శీతకాలమున ఆ ప్రయాణము నిజమునకు 23½ గంటలు. మరియొక అపోహ విద్యార్థులలో తరచు కనబడును. భూమి తూర్పునకు తిరుగుచున్నది గనుక, విమానము గాలిలో నిలిచియున్న చాలును, గమ్యమే క్రిందికి వచ్చునుగదా యని వారు అడుగుదురు. గుంటూరువద్ద నేల గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగమున తూర్పునకు తిరుగుచున్న మాట నిజమే. కాని నేలతోపాటు గాలియు తిరుగుచున్నది. ఆ గాలిలోని విమానమును తిరుగుచున్నది. రాకపోకల కాలములో తేడా తెచ్చునది భూభ్రమణము కాదు. ఆకాశమున పదికిలోమీటర్ల ఎత్తున పడమరనుండి తూర్పునకు వీచు జెట్ ప్రవాహములు. వానికి ఎదురుపోయిన ఆలస్యము. వాని వెంట పోయిన లాభము.

మిగులు గంటలకు మొదటి కారణము ఆర్థికము. విమానము మోయు బరువులో ఇంధనము పెద్ద భాగము. పదునారు గంటల యానమునకు బయలుదేరు విమానము చివరి గంటలలో కావలసిన ఇంధనమును మొదటి గంటనుండియు మోయవలెను. ఆ బరువును మోయుటకు మరికొంత ఇంధనమును కాల్చవలెను. కావున దూరము పెరిగినకొలది ఖర్చు దూరమునకు మించిన వేగముతో పెరుగును. అట్టి విమానము ప్రతిసారియు నిండవలెను. నిండినను, అధికధర చెల్లించు ప్రయాణికులు కొందరుండవలెను. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాదునుండి షికాగోకు నేరు విమానమును ప్రారంభించినది. దూరము సుమారు 13,300 కిలోమీటర్లు, కాలము సుమారు పదునారు గంటలు. ఆ సర్వీసు నిలదొక్కుకొనలేదు. గన్నవరము కథయు అట్టిదే. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమునకు ఉపయోగపడిన ఈ విమానాశ్రయమునకు 2017లో అంతర్జాతీయ హోదా లభించినది. రన్‌వేను 3,360 మీటర్లకు పెంచినారు. 2018 డిసెంబరు 4న, నష్టమును రాష్ట్ర ప్రభుత్వము భరించు ఒప్పందముపై, సింగపూరునకు విమానము బయలుదేరినది, 2019లో ఆగిపోయినది. 2022 అక్టోబరు 31న షార్జాకు సర్వీసు మొదలైనది. వందలకొలది మంది రోజూ పోవలసియున్నను, వారు పలునగరములకు, పలుదినములందు, పలుధరలకు పోవువారగుటచేత, నేరు విమానమును నింపుట కష్టము. వేర్వేరు ఊళ్లనుండి వచ్చినవారిని ఒకచోట చేర్చి, తిరిగి విడదీసి పంపు దుబాయి, దోహా వంటి కూడలులు ఈ కారణముననే వర్ధిల్లినవి. కల్లముల మిరపకాయలు మొదట గుంటూరు యార్డునకు చేరి, అచటినుండి దేశదేశములకు పోవుటయు ఇట్టి న్యాయముననే.

రెండవ కారణము రాజకీయము. 1944 డిసెంబరు 7న షికాగోలో సంతకములైన అంతర్జాతీయ ఒప్పందపు మొదటి ప్రకరణమే, తన భూభాగముపైనున్న ఆకాశమున ప్రతి రాజ్యమునకు సంపూర్ణ సార్వభౌమాధికారము గలదని చెప్పుచున్నది. ఆకాశమున కంచెలు కనబడవు, కాని కలవు. గ్లోబుపై దారము దాటిపోయిన చైనా, రష్యా, కెనడాలు ఒక్కొక్కటియు అనుమతి ఇయ్యవలెను. టిబెట్టు పీఠభూమిపై మరియొక చిక్కు. విమానములోని గాలి ఒత్తిడి అకస్మాత్తుగా తగ్గినచో పైలట్ వెంటనే మూడువేల మీటర్ల ఎత్తునకు దిగవలెను. అంతకంటె ఎత్తైన నేల క్రింద నున్నపుడు దిగు చోటేది? కావుననే విమానములు ఆ ప్రాంతమును సాధ్యమైనంతవరకు తప్పించుకొని పోవును.

ఈ కంచెలు ఎప్పుడు మూతపడునో ఎవరికిని తెలియదు. 2019 ఫిబ్రవరి 27న పాకిస్తాను తన ఆకాశమును మూసినది. భారతదేశమునుండి పడమరకు పోవు విమానములకు జూలైవరకు దారి సుగమము కాలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధము మొదలైన పిదప అమెరికా, కెనడా, ఐరోపా సంస్థల విమానములకు రష్యా ఆకాశము మూతపడినది. 2025 ఏప్రిల్ 24న భారతీయ విమానములకు పాకిస్తాను మరల మార్గము నిరోధించి, ఆ తరువాత నెలనెలకు గడువు పొడిగించుచు వచ్చినది. ఢిల్లీనుండి అమెరికాకు ఆగకుండ పోవుచుండిన కొన్ని విమానములు చుట్టుదారి పట్టి, ఇంధనమునకై వియన్నా వంటి చోట్ల దిగవలసి వచ్చినవి. ఆ ఏడు సెప్టెంబరు 1నుండి ఢిల్లీ–వాషింగ్టను సర్వీసును ఎయిరిండియా నిలిపివేసినది. గల్ఫు కూడలులును దీనికి అతీతములు కావు. 2025 జూన్ 23న ఇరాను క్షిపణిదాడి సందర్భమున ఖతారు తన ఆకాశమును కొన్ని గంటలసేపు మూసినది. దోహాకు పోవలసిన విమానములు దారి మళ్లినవి, వేలమంది ప్రయాణికులు చిక్కుపడిరి.

ప్రత్తిని ఎగుమతి చేసిన దేశమునకు ఇది క్రొత్త పాఠము కాదు. 1869లో సూయజ్ కాలువ తెరువబడకముందు బొంబాయినుండి లండనుకు ఓడలు ఆఫ్రికా కొనను చుట్టి సుమారు 19,800 కిలోమీటర్లు పోయెడివి. కాలువ వచ్చిన పిదప అది సుమారు 11,600 అయినది. సముద్రము మారలేదు, నేల మారలేదు. మనుష్యులు త్రవ్విన ఒక కాలువ దూరమును నూటికి నలువది వంతులు తగ్గించినది. 2023 చివరలో ఎర్రసముద్రమున ఓడలపై దాడులు మొదలుకాగానే అనేక నౌకాసంస్థలు మరల పాత చుట్టుదారినే పట్టినవి. శాంతి యున్న దూరము తగ్గును, అశాంతిలో పెరుగును. నీటికైనను, నింగికైనను న్యాయమొక్కటే.

మూడవ కారణము శాసనము. 2025 సెప్టెంబరు 19, శుక్రవారమున అమెరికా అధ్యక్షుడు ట్రంపు హెచ్–1బి వీసాపై లక్ష డాలర్ల రుసుము విధించు ప్రకటనపై సంతకము చేసెను. అది 21వ తేదీ, వాషింగ్టను గడియారమున అర్ధరాత్రి దాటిన ఒక నిమిషమునకు, అనగా మనకు ఆదివారము ఉదయము 9 గంటల 31 నిమిషములకు, అమలులోనికి రావలసియుండెను. సెలవుపై స్వదేశమునకు వచ్చిన ఉద్యోగులను గడువులోగా తిరిగి రమ్మని కొన్ని పెద్ద కంపెనీలు హెచ్చరించినవి. శనివారము తెల్లవారి ఆ వార్త వినిన వానికి మిగిలినది ఒక పగలు, ఒక రాత్రి. సూటిమార్గమున పదునారు గంటలు చాలియుండును. కాని ఉన్న మార్గము ముప్పది గంటలకు పైబడినది. లెక్కలోనే అసాధ్యము కనబడుచున్నది. ఆ రుసుము క్రొత్త దరఖాస్తులకే వర్తించునని 20వ తేదీననే అమెరికా ప్రభుత్వము వివరణ ఇచ్చినది. కాని అప్పటికే విమానములెక్కినవారును, ఎక్కిన విమానమునుండి దిగినవారును కలరు. ఆనాడు దూరమును కొలిచినది కిలోమీటరు కాదు, ఒక సంతకము.

ఈ మూడు కారణముల ఫలము తుదకు చేరునది పల్లెటూరి ఇంటికే. 1960 మే 14న ఎయిరిండియా బోయింగ్ 707 విమానము బొంబాయినుండి లండను మీదుగా న్యూయార్కుకు సర్వీసు ప్రారంభించిననాడు, ఈ మైదానమునుండి అమెరికా పోయినవారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. వారి ఇండ్లలో మరణము సంభవించిన, తంతి పంపినను, వారు వచ్చి చేరుదురని ఎవరును ఎదురుచూడలేదు. దూరము దూరమేనని మనస్సు కుదుటపరచుకొనెడివారు. నేడు వార్తకు దూరము లేదు. వట్టిచెరుకూరులోనో, చీమకుర్తిలోనో తండ్రి కన్నుమూసిన నిమిషముననే డల్లాసులోని కుమారుడు ఫోనులో ఆ ముఖమును చూచుచున్నాడు. చూచిన వాడు రాగలడనియే ఇంటివారు తలంతురు. భౌతికకాయమును ఐస్ పెట్టెలో ఉంచి, బంధువులు ఒకటిన్నర దినము, రెండు దినములు ఎదురుచూతురు. టిక్కెట్టు దొరకునా, తిరిగి పోవుటకు వీసా చెల్లునా, నడుమ ఏ ఆకాశమైనను మూతపడునా అను ప్రశ్నలు శవము ప్రక్కనే చర్చకు వచ్చుచున్నవి. వార్త రెప్పపాటున వచ్చి, మనిషి ముప్పది నాలుగు గంటలకు గాని రాలేని ఈ స్థితి పూర్వపు దూరముకంటె తేలికైనదని చెప్పలేము.

దీనికి రన్‌వే యొక్కటే మందు కాదు. ప్రకాశము జిల్లా దొనకొండలో బ్రిటిషువారి కాలపు విమానస్థలము కలదు. అచటినుండి ప్రయాణికుల విమానములు నడువవు. కొరిశపాడు సమీపమున జాతీయరహదారిపైనే అత్యవసర సమయములలో వాయుసేన విమానములు దిగుటకు నాలుగు కిలోమీటర్ల మేర సిద్ధపరచి, 2022 డిసెంబరులోను, 2024 మార్చిలోను పరీక్షలు జరిపినారు. నేలపై దారి వేయుట మన చేతిలోని పని. ఆకాశమున దారి తెరచుట ఒప్పందముల పని. గన్నవరమునుండి డల్లాసుకు నేరు విమానము నడచుట ఇప్పటి లెక్కలలో సాధ్యముగా తోచదు. కాని గుంటూరు, ఒంగోలు ప్రయాణికుడు అర్ధరాత్రి కారెక్కి శంషాబాదు పోనక్కరలేకుండ, గన్నవరముననే సామాను అప్పగించి, ఏదేని ఒక పెద్ద కూడలికి ప్రతిదినము పోగలిగినచో, ఆ ముప్పది నాలుగింట నాలుగైదు గంటలు తగ్గును. ప్రారంభోత్సవమునకు మాత్రమే కాక, నిలకడగా కొన్ని ఏండ్లు నడచునట్టి సర్వీసును ప్రభుత్వములును, సంస్థలును కూర్చుండి ఆలోచింపవలసి యున్నది.

ఉపాధ్యాయులకు ఇందులో ఒక చక్కని పాఠము కలదు. దారమును, గ్లోబును ఇచ్చి దూరమును కొలిపించుట భూగోళము. ఆ దూరమును గంటలుగా మార్చుట గణితము. ఆ గంటలు రెండింతలేల అయినవని అడుగుట పౌరశాస్త్రము, చరిత్ర. విదేశమునకు పోదలచిన విద్యార్థి విశ్వవిద్యాలయపు రుసుమును, ఇంటి అప్పును, డాలరు ధరను లెక్కించుచున్నాడు. తిరిగి ఇల్లు చేరుటకు ఎన్ని గంటలు పట్టునో, ఆ గంటలు ఎవరి చేతిలో ఉన్నవో గూడ లెక్కింపవలెను. పోవలెనా వద్దా యనునది అతని నిర్ణయము. 14,500 కిలోమీటర్లలో ఒక్కటియు ఎవరును తగ్గింపలేరు. తక్కిన పదునెనిమిది గంటలు మాత్రము మనుష్యులు కల్పించుకొన్నవి. వానిని తగ్గింపవలసినదియు మనుష్యులే.